తీర్మానించడమైనది

వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాలకమండలిలో ఆడవాళ్ళ పేరు మీద ఒక కుర్చీ ఉంది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి రాష్ట్రాల కోసం తయారుచేసిన నమూనా చట్టంలో, పాలకమండలిలో ఎవరెవరు కూర్చోవాలో వరసగా రాసి ఉంటుంది. వైస్ ఛాన్సలర్, ప్రభుత్వ కార్యదర్శులు, పేరున్న శాస్త్రవేత్తలు, అభ్యుదయ రైతులు, వ్యవసాయ పరిశ్రమల తరఫున ఒకరు. వాళ్ళతో పాటు ఒక ప్రముఖ మహిళా సామాజిక కార్యకర్త, గ్రామీణాభివృద్ధిలో అనుభవం ఉన్నావిడయితే మరీ మంచిది. చాలా రాష్ట్రాల చట్టాలు ఈ మాటల్నే కాస్త అటూ ఇటూ చేసి రాసుకున్నాయి.

రైతు అన్నచోట మగ అని రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. ఆడమనిషి రైతుగా ఆ గదిలోకి రావాలనుకుంటే చట్టం అడ్డుపడదు, నిజమే. కానీ చట్టం తనంతట తాను ఊహించుకున్న ఆడమనిషి నాట్లలో లేదు, కోతల్లో లేదు, ప్రయోగశాలలోనూ లేదు. ఎవరికో సేవ చేస్తూ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పనిచేసే స్త్రీలలో 41 శాతం మంది వ్యవసాయ కూలీలు, 24 శాతం మంది సాగుదారులు. అంటే నూటికి అరవై అయిదు మంది మట్టిలోనే ఉన్నారు. వాళ్ళ మట్టి గురించి నిర్ణయాలు చేసే బల్ల దగ్గరికి మాత్రం వాళ్ళని ఉద్ధరించే మనిషిగా వస్తేనే చోటు.

సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదానికి ఈ చట్టాలతో పనేమిటని మీకు అనిపించవచ్చు. మా డిపార్టుమెంటులో అందరికీ అనిపించింది. తెలుగు నవలల్లో శ్రామిక స్త్రీ మీద సిద్ధాంత గ్రంథం రాశాక, కార్యాలయ భాషలో స్త్రీ ఎక్కడుందన్న దాని మీద పని మొదలుపెట్టాను. అందుకోసం విశ్వవిద్యాలయాల పాలకమండళ్ళ మినిట్స్ చదువుతున్నాను. “కథలొదిలేసి ఎడ్ల కొనుగోలు తీర్మానాలు చదువుతోంది” అని ఒక పెద్దాయన కారిడార్లో నవ్వారు. నవ్వనీ. వర్జీనియా వూల్ఫ్ ఆడవాళ్ళ సాహిత్యం గురించి మాట్లాడటానికి కాలేజీ భోజనాల బల్ల దగ్గర్నించి, దాని వెనకున్న డబ్బు దగ్గర్నించి కదా మొదలుపెట్టింది. మన భోజనాల బల్ల వెనక పొలం ఉంది. అంతే తేడా.

పాలకమండలి అంటే విశ్వవిద్యాలయానికి ఇంటి యజమాని లాంటిది. పాఠాల సంగతి చూసేందుకు అకడమిక్ కౌన్సిల్ వేరే ఉంటుంది. బడ్జెట్టు, భూములు, భవనాలు, పోస్టుల మంజూరు, నియమాలు, కోర్టు కేసులు అన్నీ ఈ మండలి చేతిలో ఉంటాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయమయితే వీటికి తోడు ఫారాలు. ఏ పరిశోధనా స్థానంలో ఎన్ని ఎకరాలు సాగులో ఉన్నాయి, మూల విత్తనం ఎంత పండింది, ఎంతకమ్మారు, మామిడి తోట ఫలసాయం వేలం ఎవరు పాడుకున్నారు, ఏ ట్రాక్టరు పనికిరాకుండా పోయింది, రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఫారం గట్టు ఎంత పోతుంది… ఇలాంటివన్నీ వైస్ ఛాన్సలర్ నియామకపు కమిటీకీ, కొత్త కాలేజీ తెరవడానికీ మధ్యలో ఒక నంబరు వేసుకుని వస్తాయి. కొన్ని అంశాలు అప్పటికే జరిగిపోయి ఉంటాయి, వాటిని తర్వాత ఆమోదించడం మాత్రమే మిగులుతుంది. చదవగా చదవగా ఒక రకమైన రుచి పడుతుంది. చెట్టు కొట్టేయడానికి అనుమతి అడిగే కాగితంలో ఆ చెట్టు చుట్టుకొలత కూడా ఉంటుంది. ఎద్దుకి నంబరుంటుంది. ట్రాక్టరుకి రిజిస్ట్రేషను. వరి వంగడానికి బీపీటీ 5204 అనీ, ఎంటీయూ 7029 అనీ పుట్టిన స్థానం పేరుతో సహా గుర్తింపు ఉంటుంది. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మారుటేరు. సన్నబియ్యం తినేవాళ్ళంతా సాంబమసూరి అనే ముద్దుపేరుతో పిలుచుకునేది ఆ బాపట్ల బిడ్డనే. పొలంలో దిగిన ఆడవాళ్ళు మాత్రం ఒక అంకెలో ఉంటారు. ఫలానా ప్రయోగానికి ఇన్ని మ్యాన్‌డేస్.

మ్యాన్‌డేస్! ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాటు వేసింది ఆడవాళ్ళు, కలుపు తీసింది ఆడవాళ్ళు, లెక్కకి వచ్చేసరికి అవి మగరోజులు. దానికి తెలుగు చేసినవాళ్ళు ‘పనిదినాలు’ అన్నారు. కొంచెం నయం, మనిషి ఎవరైనా పనే మిగిలింది.

మినిట్స్ భాషలో ఇంకొక విశేషముంది. తీర్మానించడమైనది, ఆమోదించడమైనది, నమోదు చేసుకోవడమైనది, తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది. ఎవరు తీర్మానించారు? ఎవరు వాయిదా వేశారు? వాక్యంలో కర్త ఉండడు. తెలుగులో కర్తని వదిలేయడం కొత్త కాదు, మనం రోజూ వదిలేస్తాం. “నాటాం” అంటే చాలు, మేమని విడిగా చెప్పక్కర్లేదు, ఆ క్రియ చివర్లోనే మనుషులు నిలబడి ఉంటారు. కార్యాలయ భాష ఆ చివరనే కోసేసింది. చేసినవాళ్ళు పోయి, చేయడం అనేది ఒక వస్తువై, ఆ వస్తువు తనంతట తానే ‘అయినది’. ఇంకొక సంగతి కూడా మనకి తెలిసిందే. మన క్రియకి ఆవిడా అదీ ఒకటే. వాడు వచ్చాడు అంటాం, ట్రాక్టరు వచ్చింది, పెద్దమ్మ వచ్చింది అంటాం. వ్యాకరణం మనకి ముందే కొంత సాయం చేసి పెట్టింది.

పెద్దమ్మ అంటే నిజంగానే మా పెద్దమ్మ. 1982 నుంచి 2011 దాకా ఒక పరిశోధనా ఫారంలో కూలి చేసింది. ఏ ఊరో, ఏ సంస్థదో చెప్పను. ఆవిడ కొడుకు ఇప్పటికీ అక్కడే మోటారు షెడ్డు దగ్గర పనిచేస్తున్నాడు.

ఊళ్ళో అందరూ అది గవర్నమెంటు పొలం అనేవారు. అక్కడ కూలికి పోవడమంటే కొంచెం గౌరవం. గొడుగు పట్టుకుని ఆఫీసర్లు వస్తారు, ప్రతి మడికీ బోర్డు ఉంటుంది, రైతు తిట్టినట్టు తిట్టరు. పెద్దమ్మ మొదట నాట్లకీ కలుపుకీ వెళ్ళింది. చేతివేళ్ళు సన్నంగా ఉన్నాయని ఒక సైంటిస్టు ఆవిణ్ణి క్రాసులకి తీసుకున్నాడు. వరిలో కొత్త రకం పుట్టించాలంటే రెండు రకాల్ని కలపాలి. వరి పువ్వులో ఆడా మగా కలిసే ఉంటాయి గనక, తల్లిగా పెట్టుకున్న మొక్కలో ముందు మగభాగాన్ని తీసేయాలి. పొద్దు వాలాక, వెన్నులో పనికొచ్చే గింజలు ఉంచి మిగతావి కత్తిరించేస్తారు. ఉంచిన ప్రతి గింజ పైకొసనీ కత్తెరతో కొంచెం కోసి, లోపలున్న ఆరు కేసరాల్నీ చిన్న పట్టకారుతో లాగేస్తారు. ఒక్కటి మిగిలినా క్రాసు చెడిపోయినట్టే. ఆడభాగానికి దెబ్బ తగిలినా చెడిపోయినట్టే. అప్పుడు దానికి బటర్ పేపరు సంచి తొడిగి, చీటీ కడతారు. మర్నాడు ఎండెక్కేవేళ, తండ్రి మొక్క పువ్వులు విచ్చుకునే సమయం చూసి, దాని వెన్ను తెచ్చి సంచిలో పుప్పొడి దులుపుతారు. పుస్తకాల్లో మొదటి పనిని విపుంసీకరణ అంటారు. పెద్దమ్మ వాళ్ళు “మగాళ్ళని పీకడం” అనేవారు. ఆ మాటని వాళ్ళు అనుకుని నవ్వుకునే తీరు ఇక్కడ రాయలేను గానీ, స్త్రీవాద సదస్సుల్లో కూడా నేనంత నవ్వు వినలేదు.

చీటీ మీద తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, క్రాసు చేసిన సైంటిస్టు పేరు పొడి అక్షరాల్లో ఉంటాయి. పెద్దమ్మకి చదువు రాదు. కానీ ఆ చీటీల్ని దూరం నించే గుర్తుపట్టేది. “ఇది మనం కట్టింది, దీని దారం నేను రెండు ముళ్ళేస్తా” అనేది. ఆ రెండు ముళ్ళే ఆవిడ సంతకం. నా డిగ్రీ మూడేళ్ళ హాస్టలు ఫీజు ఆ ముళ్ళలోంచే వచ్చింది.

ఆవిడ చేరినప్పుడు ఆడకూలి ఎనిమిది రూపాయలు, మగకూలి పదకొండు అని చెప్తుంది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. కానీ ఒకే రకమైన పనికి ఒకే కూలి అన్నారు గనక, పనుల్నే రెండుగా విడదీస్తే సరిపోతుంది. నీరు కట్టడం, దుక్కి, మందు కొట్టడం, కాపలా మగపనులు. నాటు, కలుపు, కోత, క్రాసులు ఆడపనులు. పట్టకారు పట్టుకుని ఆరు కేసరాలు లాగే నైపుణ్యం ఆడపని కిందికి వచ్చింది గనక నైపుణ్యం కాకుండా పోయింది. సన్నటి వేళ్ళు పుట్టుకతో వచ్చినవే కదా, నేర్చుకున్నవి కాదు కదా!

1994 ఏప్రిల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 212 నంబరు జీవో ఇచ్చింది. రోజుకూలీ మీద, ఎన్.ఎం.ఆర్. మీద పనిచేస్తూ 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిరంతరంగా పూర్తిచేసినవాళ్ళని, ఖాళీలూ అర్హతలూ చూసి క్రమబద్ధం చెయ్యమని. ఆ నాటికి పెద్దమ్మకి పదకొండేళ్ళు నిండాయి. ఆవిడతో పాటు చేరిన మగవాళ్ళలో కొందరు పర్మినెంటు అయ్యారు. ఆవిడ కాలేదు. ఆవిడ జట్టులో పనిచేసిన ఇరవై మంది ఆడవాళ్ళలో ఒక్కరూ కాలేదు. ఎవరూ వాళ్ళ మీద కక్ష కట్టలేదు. ‘నిరంతరంగా’ అన్న ఒక్క మాట చాలింది. కాపలా ఏడాది పొడుగునా ఉంటుంది. మోటారు, ఎడ్లు, షెడ్లు ఏడాది పొడుగునా ఉంటాయి. నాటు నెల, కలుపు రెండు నెలలు, క్రాసులు పూతకాలం, కోత ఒక నెల. ఏడాదికి తొమ్మిది నెలలు ఆవిడ అక్కడే ఉన్నా, కాగితం మీద అవి నాలుగు ముక్కలు. ఎండాకాలంలో పని లేదని పంపిస్తే అది ఆవిడ తెంపుకున్న సర్వీసయింది.

ఈ మాట గురించి మనం ఇంకా ఆలోచించాలి. పనిలోంచి ఆడవాళ్ళు ‘మధ్యలో’ ఆగిపోతారన్న ఫిర్యాదు నాకు విశ్వవిద్యాలయాల్లో కూడా వినపడుతూనే ఉంటుంది. ప్రసూతికి ఆగిన పరిశోధకురాలి కాలం, పూతకీ కోతకీ మధ్య ఆగిన కూలిమనిషి కాలం ఒకటే అని అనను. మా ఇద్దరి మధ్య చదువుంది, జీతముంది. కానీ రెంటినీ తెగిన దారంలాగా చూసే కన్ను ఒకటే. ఆ కన్నుకి నిరంతరమంటే ఇంటి పనీ రుతువూ శరీరమూ ఏవీ అడ్డురాని మనిషి జీవితమే.

2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, దొడ్డిదారి నియామకాల్ని క్రమబద్ధం చేయడం కుదరదంటూనే, మంజూరైన పోస్టుల్లో పదేళ్ళు పైబడి పనిచేసినవాళ్ళ విషయం ఒక్కసారికి పరిశీలించమంది. మళ్ళీ అదే చిక్కు. పెద్దమ్మకి మంజూరైన పోస్టు ఎక్కడుంది? నాటుకి పోస్టు ఉండదు. 2024 డిసెంబరులో జగ్గో కేసు తీర్పు వచ్చినప్పుడు నేను ఫోన్ చేసి చెప్పాను. కేంద్ర జలసంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి ఊడ్చి తుడిచిన ఆడవాళ్ళని, తోటమాలిని పార్ట్ టైమనే పేరుతో తీసేయడం చెల్లదని, వాళ్ళని పర్మినెంటు చెయ్యమని కోర్టు చెప్పింది. పెద్దమ్మ అంతా విని, “వాళ్ళ పేర్లు కాయితాల్లో ఉన్నాయేమోనే అమ్మాయ్” అంది.

ఆ ప్రశ్న పట్టుకునే నేను సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. పది రూపాయల పోస్టలార్డరు జత చేసి, 1982 నుంచి 2011 వరకు ఆ ఫారం మస్టరు రోల్సు నకళ్ళు ఇమ్మని అడిగాను. నెల తిరక్కుండానే జవాబొచ్చింది, ఆ మాటకొస్తే మర్యాదగానే వచ్చింది. నిర్ణీత కాలం దాటిన మస్టర్లని నిబంధనల ప్రకారం నాశనం చేయడమైనది. మళ్ళీ అదే క్రియ. అదే ఫారానికి సంబంధించిన బోర్డు తీర్మానాలు మాత్రం శాశ్వత రికార్డు. 1980ల్లో ఆ ఫారంలో ఎన్ని కొబ్బరిచెట్లు వేలం వేశారో నేను ఇప్పుడు చెప్పగలను. పెద్దమ్మ అక్కడ ఒక్కరోజు పనిచేసిందని రుజువు చెయ్యలేను.

ఈ మండళ్ళు, ఈ చట్టాలు మనకి ఎక్కణ్ణించి వచ్చాయో వెతికితే దారి అమెరికా దాకా పోతుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్రొఫెసరు హెచ్.డబ్ల్యు. హన్నా 1956లో మన దేశంలో గ్రామీణ విశ్వవిద్యాలయం ఎలా ఉండాలో ఒక నమూనా రాసిచ్చాడు. ఆ నమూనా మీదనే ఉత్తరప్రదేశ్ తరాయి ప్రాంతంలో, సుమారు 16,000 ఎకరాల పొలంతో, 1960 నవంబరులో పంత్‌నగర్ విశ్వవిద్యాలయాన్ని నెహ్రూ ప్రారంభించాడు. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడయింది. భూమి ఇచ్చి విశ్వవిద్యాలయం పెట్టడం, బోధనా పరిశోధనా విస్తరణా ఒకే గొడుగు కిందికి తేవడం అక్కడి పద్ధతి. లింకన్ 1862లో సంతకం చేసిన మొరిల్ చట్టం నుంచి వచ్చిన పద్ధతి. ఒక్కొక్క ప్రజాప్రతినిధికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకి భూమి ఇచ్చారు. ఇల్లినాయ్ వాటా 4,80,000 ఎకరాలు. తన గడ్డ మీద కాదు, దూరాన పడమటి రాష్ట్రాల్లో ఎంచుకోవడానికి చీటీల రూపంలో. ఆ చీటీల్లో ఎక్కువ భాగం అమ్మి మూలధనం చేసుకున్నారు. ఆ భూమి ఎవరిదన్నది 2020లో ‘హై కంట్రీ న్యూస్’ పత్రిక ఎకరం ఎకరం వెతికి బయటపెట్టింది. దేశం మొత్తం మీద సుమారు కోటీ ఏడు లక్షల ఎకరాలు, దాదాపు 250 ఆదివాసీ తెగల దగ్గర్నించి ఒప్పందాల పేరుతో, బలవంతంతో తీసుకున్నవి.

ఇల్లినాయ్ ట్రస్టీల మినిట్స్ పందొమ్మిదో శతాబ్దం నుంచీ అచ్చయి ఉన్నాయి, ఇప్పుడు ఇక్కడ కూర్చునే చదవొచ్చు. పొలం పనులకి గుర్రాలు, పాకలు, పాడి, మొక్కజొన్న, ప్రొఫెసర్ల జీతాలు అన్నీ ఒకే పుస్తకంలో. మనవాటి తాతముత్తాతల్ని చూసినట్టుంటుంది. అక్కడ స్త్రీ విద్యార్థుల్ని 1870 నుంచి చేర్చుకున్నారు. కానీ ఆ బోర్డు బల్ల దగ్గరికి ఆడవాళ్ళు వచ్చింది 1894లో. ఆ కథ బాగుంటుంది. ఇల్లినాయ్‌లో ఆడవాళ్ళకి ఓటు లేదు. 1891లో చదువుకి సంబంధించిన పదవులకి మాత్రం ఓటు ఇచ్చారు. పిల్లల చదువు ఆడవాళ్ళ వ్యవహారమే కదా, అంతవరకు ఫరవాలేదన్న లెక్క. విశ్వవిద్యాలయ ట్రస్టీలని అక్కడ ప్రజలే ఎన్నుకునేవారు. ఆ సందులోంచి లూసీ ఫ్లవర్ అనే ఆవిడ పోటీ చేసి గెలిచింది. ఆ రాష్ట్రంలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి స్త్రీ ఆవిడే. అదే ఏడు, ఖాళీ అయిన ఒక స్థానంలో జూలియా హోమ్స్ స్మిత్ అనే డాక్టర్ని గవర్నరు నియమించాడు. లూసీ ఫ్లవర్ ఉన్న కాలంలోనే, 1897లో, అక్కడ స్త్రీల కోసం మొదటి డీన్‌ని నియమించారు. 1900లో గృహవిజ్ఞాన శాఖ నడపడానికి ఇసబెల్ బెవియర్ వచ్చింది. మన దగ్గర సైఫాబాదు హోంసైన్సు కాలేజీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైనట్టే, వ్యవసాయ విద్యలోకి ఆడవాళ్ళకి తెరిచిన తలుపు అక్కడా వంటింటి వైపుదే. ఆ తలుపులోంచి వెళ్ళి మంచి పరిశోధకులైనవాళ్ళు నాకు తెలుసు కాబట్టి దాన్ని తేలిక చెయ్యను.

లూసీ ఫ్లవర్ ఎవరయ్యా అంటే సామాజిక కార్యకర్తే. అనాథ పిల్లల కోసం పనిచేసింది, 1899లో షికాగోలో మొదలైన బాలల కోర్టు వెనకున్నవాళ్ళలో ముఖ్యురాలు. మన నమూనా చట్టంలో కుర్చీ ఆవిణ్ణి చూసి వేశారని నేననను, అందుకు ఆధారం లేదు. కానీ ఒక తేడా మాత్రం నన్ను వదల్లేదు. ఆవిడ సేవ చేసినావిడే అయినా, ఆడవాళ్ళు వేసిన ఓట్లు కూడా కలుపుకుని వచ్చింది. మన కుర్చీలోకి ఎవరొచ్చినా నియమించగా వస్తారు. కుర్చీ ఒకటే ఉన్నప్పుడు, దానికి ముందే ఒక పాత్ర రాసిపెట్టి ఉన్నప్పుడు, కూర్చున్నావిడ ఎంత గట్టిదయినా హాస్టలు భోజనం గురించీ పౌష్టికాహారం గురించీ అడిగితే వింటారు. మస్టరు రోల్సు గురించి అడిగితే అది ఆవిడ అంశం కాదు. అలాంటి కుర్చీలో మూడేళ్ళు కూర్చుని వచ్చిన ఒక పెద్దావిడ నాతో, “ప్రతి మీటింగులోనూ నన్ను ముందుగా స్వాగతించేవారమ్మా, చివరిదాకా ఇంకేమీ అడిగేవారు కాదు” అన్నారు.

పొలం గురించి బల్ల దగ్గర మాట్లాడలేనివాళ్ళు బయట మాట్లాడితే ఏమవుతుందో కూడా ఈ చరిత్రలోనే ఉంది. 1978 ఏప్రిల్ 13న పంత్‌నగర్‌లో సమ్మె చేస్తున్న ఫారం కూలీల మీద పి.ఎ.సి. అనే సాయుధ పోలీసు దళం కాల్పులు జరిపింది. చనిపోయింది ఎందరన్నదానికి ప్రభుత్వం లెక్క ఒకటి, కార్మికుల లెక్క ఇంకొకటి. నెహ్రూ ప్రారంభించి పద్దెనిమిదేళ్ళు నిండని విశ్వవిద్యాలయం అది. మన దగ్గర 2024 జనవరిలో, రాజేంద్రనగర్‌లో, వ్యవసాయ విశ్వవిద్యాలయం వైపు భూమి 100 ఎకరాలు కొత్త హైకోర్టు భవనాలకి కేటాయించడాన్ని కాదని విద్యార్థులు రోడ్డెక్కారు. స్కూటరు మీద వెళ్తున్న ఇద్దరు మహిళా పోలీసులు పరుగెడుతున్న ఒక విద్యార్థినాయకురాలి జుట్టు పట్టుకుని లాగిన వీడియో మనమంతా చూశాం. ఆ అమ్మాయి రాజకీయాలు నా రాజకీయాలు కావు. అయినా ఆ జుట్టు నాకు ఇంకా కనబడుతూనే ఉంటుంది. మార్చిలో శంకుస్థాపన జరిగిపోయింది. హైకోర్టు కావలసిందే, పాత భవనం చాలడంలేదనీ ఒప్పుకుంటాను. పరిశోధన పొలం మాత్రం ఎక్కడంటే అక్కడ కొనుక్కొచ్చే ఖాళీ స్థలం కాదు. ఏళ్ళ తరబడి ఏ మడిలో ఏం వేశారో, ఎంత ఎరువు పడిందో తెలిసిన నేల అది.

ఆ నేల సంగతి సైంటిస్టు తర్వాత తెలిసింది పెద్దమ్మ లాంటివాళ్ళకే. మొన్న వెళ్ళినప్పుడు అడిగాను, పెద్దమ్మా, నిన్ను ఆ మీటింగులో కూర్చోబెడితే ఏం చెప్తావని. నేనేదో పెద్ద మాట ఆశించాను గానీ ఆవిడకి పెద్ద మాటల మీద మోజు లేదు.

“ఆ రోజు కూలి ఎవరిస్తారే?” అంది ముందు.

బోర్డు మెంబర్లకి ప్రయాణ ఖర్చులూ రోజు భత్యమూ ఇస్తారని చెప్పాను. నమ్మకం కలగలేదు. తర్వాత కాసేపు ఆలోచించి, వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. పడమటి చివర మళ్ళ దగ్గర దొడ్డి కట్టమంటుంది. ముప్ఫయ్యేళ్ళు చెరుకు తోట చాటుకి నడిచారు, ఆ చెరుకు కొట్టేశాక కాలవగట్టుకి. మందు కొట్టిన మడిలోకి మర్నాడే కలుపుకి దించొద్దంటుంది. క్రాసుల వేళ ఎండలో వంగి ఉంటే కళ్ళు పోతున్నాయి, ఆవిడకీ కుడి కన్ను పోయింది, తల మీదికి ఒక పందిరి కావాలంటుంది. చీటీ మీద కట్టినవాళ్ళ పేరు కూడా వెయ్యమంటుంది.

“పేరెందుకు పెద్దమ్మా?”

“తప్పు కడితే ఎవరు కట్టారో తెలియద్దూ? మా జట్టులో ఒకామె ఎప్పుడూ తల్లినీ తండ్రినీ తారుమారు చేసేది. మాటలన్నీ నాకు పడేవి.”

నేను రెండో దరఖాస్తు పెట్టాను. మస్టర్లు నాశనం చేయడానికి అనుమతిచ్చిన ఉత్తర్వు నకలు, నాశనం చేసిన దస్త్రాల జాబితా, ఆ జాబితా మీద సంతకం పెట్టిన అధికారి హోదా అడిగాను. క్రాసింగ్ రిజిస్టర్లు ఇంకా ఉన్నాయేమో కూడా అడిగాను. ఉంటే వాటితో పాటు పాత చీటీలు కూడా కొన్ని కవర్లలో దాచి ఉంటారని మా అన్నయ్య అంటున్నాడు. దారం రెండు ముళ్ళేసి ఉంటుందని చెప్పి పంపాను.